ఒక పడవకు ఎన్ని ఎర్త్‌లు?

పిడుగు, రేడియో, రేవు కరెంటు, తుప్పు. పడవ ఎర్తింగ్ మీద మాకు వచ్చిన ఉత్తరాల్లో ఈ నాలుగూ కలగలిసిపోయి ఉన్నాయి. ఒకదానికి చేసిన ఏర్పాటు ఇంకోదానికీ పనికొస్తుందనుకోవడం దాదాపు ప్రతి ఉత్తరంలోనూ కనబడింది. అందుకే ఈ నెల శీర్షిక మొత్తం దీనికే ఇచ్చాం. ఉత్తరాల నిడివి తగ్గించాం.

ప్రశ్న (టాంపా, ఫ్లోరిడా): మాది 36 అడుగుల ఫైబర్ తెరచాప పడవ. అల్యూమినియం మాస్టు డెక్ మీదే నిలబడుతుంది, దాని కింద క్యాబిన్‌లో ఆసరాగా ఒక స్తంభం ఉంది. పడవ అడుగున బరువుగా వేలాడే సీసం కీల్ బయటినుంచి బోల్టులతో బిగించినది. పాత యజమాని ఇంజను, నీళ్ళ ట్యాంకు, కంచు వాల్వులు అన్నిటినీ సన్నటి ఆకుపచ్చ తీగతో కలిపి పెట్టారు. పిడుగుకి ఇది చాలుతుందా? దూరాలకి మాట్లాడే హెచ్ఎఫ్ రేడియో కొన్నాక దాన్నీ ఈ తీగకే తగిలించవచ్చా?

జవాబు: పిడుగుకి చాలదు, రేడియోకి పనికిరాదు. ఎర్త్ అన్న ఒక్క మాట వెనక పడవలో అయిదు పనులు దాక్కుని ఉన్నాయి. బ్యాటరీ నెగటివ్ తిరిగొచ్చే దారి మొదటిది. రేవులో ఆగినప్పుడు గట్టు నుంచి తీసుకునే కరెంటు ఎక్కడైనా లీకైతే బ్రేకరు పడేలా చేసే రక్షణ తీగ రెండోది. నీళ్ళలో మునిగిన లోహాలన్నిటినీ, వాటి బదులు తానే తుప్పుకి అరిగిపోయే ఒకే జింకు ముక్క కాపాడేలా కలిపి ఉంచే బాండింగ్ మూడోది. హెచ్ఎఫ్ యాంటెన్నాకి రెండో సగంగా పనిచేసేది నాలుగోది. పిడుగును నీళ్ళలోకి దించేది అయిదోది. మీ పడవలో ఉన్న ఆకుపచ్చ తీగ మూడోది. తుప్పు పనికి వచ్చేవి అరవోల్టు, ముప్పావు వోల్టు లెక్కలు, కాబట్టి సన్న తీగ చాలు. పిడుగు సంగతి వేరు.

ఒక సాధారణ పిడుగులో 30,000 ఆంపియర్ల దాకా కరెంటు ఉంటుంది. అది మూడు మైక్రోసెకన్లలో ఆ స్థాయికి ఎగబాకిందనుకోండి. మీటరు తీగకి ఇండక్టెన్స్ సుమారు ఒక మైక్రోహెన్రీ. అంటే తీగ ఎంత లావైనా, దాని ప్రతి మీటరుకీ పదివేల వోల్టులు తేలతాయి. అందుకే పిడుగు తీగకి లావు కన్నా ముందు తిన్నదనం ముఖ్యం. ఎక్కడైనా బిగుతుగా వంచితే అది ఆ వంపు దగ్గర తీగను వదిలి, పక్కనున్న గ్యాస్ పొయ్యికో మనిషికో దూకుతుంది. వంపు వ్యాసార్థం 20 సెం.మీ.కి తగ్గకూడదని, ప్రధాన తీగ 21 చ.మి.మీ. రాగికి తక్కువ ఉండకూడదని అమెరికా పడవల ప్రమాణాలు చెబుతాయి. బజారులో 25 చ.మి.మీ. టిన్ పూత కేబుల్ దొరికితే అదే వేయండి.

మీ పడవలో మాస్టే సగం పని చేసేస్తుంది. అల్యూమినియం గొట్టం కన్నా మంచి తీగ ఉండదు. పైన 10 మి.మీ. కడ్డీ ఒకటి నిలబెట్టండి. దాని కొన అక్కడున్న అన్నిటికన్నా, అంటే దగ్గరి దూరాలకి మాట్లాడే వీహెచ్ఎఫ్ రేడియో యాంటెన్నా కొనకన్నా, కనీసం 15 సెం.మీ. పైకి ఉండాలి. యాంటెన్నాయే కడ్డీ పని చేస్తుందనుకోవద్దు, దాని సన్నటి తీగ ఆవిరైపోతుంది. ఆ వెంటనే పిడుగు యాంటెన్నా నుంచి దిగే కోయాక్సియల్ కేబుల్ పట్టుకుని రేడియో దాకా వచ్చేస్తుంది.

డెక్ మీద నిలబడే మాస్టుల్లో అసలు లోపం దాని పాదం దగ్గర ఉంటుంది. మాస్టుకీ కీల్‌కీ మధ్య ఫైబర్ డెక్, చెక్క స్తంభం తప్ప లోహం ఉండదు. ఆ ఖాళీని పిడుగు తనంతట తానే దాటుతుంది, దాటేటప్పుడు డెక్‌ని పగలగొడుతుంది. మాస్టు పాదం పలక నుంచి తీగను డెక్‌లోంచి దించి, స్తంభం వెంట నిట్టనిలువుగా తెచ్చి, దగ్గరలోని రెండు కీల్ బోల్టులకి బిగించండి. పక్క స్టేలు, అంటే మాస్టుని పక్కల నుంచి లాగి నిలబెట్టే ఉక్కు తాళ్ళు, బిగించే ఉక్కు పలకల నుంచీ ఒక్కో తీగ అక్కడికే రావాలి. తీగల చివర ప్రెస్ చేసిన టిన్ పూత లగ్గులే వాడండి. సోల్డర్ మీదే ఆధారపడ్డ అతుకు ఆ వేడికి కరిగిపోతుంది. అల్యూమినియం మీద రాగి నేరుగా ఆనితే ఏడాదిలో తెల్లపొడి పట్టి అతుకు వదులవుతుంది, కాబట్టి మధ్యలో స్టెయిన్‌లెస్ వాషరు, పైన తుప్పు నిరోధక పేస్టు ఉండాలి. ప్రధాన తీగకి ఆరడుగుల లోపు ఉన్న పెద్ద లోహాలను, అంటే ట్యాంకు, పొయ్యి, ముందు వెనక రెయిలింగులను, 13 చ.మి.మీ. తీగతో కలపండి. పిడుగు పక్కకి దూకేది వాటి మీదకే. ఇంజనుని కూడా కలపాలి గానీ, దాన్నే నీళ్ళలోకి దారిగా పెట్టుకోకూడదు. కరెంటు ప్రొపెల్లరు షాఫ్టు గుండా పోతే బేరింగులు పాడవుతాయి.

మీ సీసం కీల్ నేరుగా నీళ్ళలో ఉంది కాబట్టి ఉప్పునీళ్ళలో పిడుగుని నీళ్ళలోకి వదిలే ప్లేటుగా అది బాగానే పనిచేస్తుంది. పలచటి పెయింటు పొర పిడుగుని ఆపలేదు. కీల్ మొత్తం ఫైబర్ లోపల మూసి ఉన్న పడవలకు మాత్రం ఇది వర్తించదు, వాటికి కనీసం 0.09 చదరపు మీటర్ల రాగి లేదా కంచు ప్లేటు అడుగున వేరే పెట్టాలి. ఇక్కడ ఒక అభిప్రాయభేదం ఉంది. ఫ్లోరిడా విశ్వవిద్యాలయంలో దీని మీద పనిచేసిన ఈవెన్ థామ్సన్, నడిమధ్యలో ఒక్క ప్లేటు చాలదని, నీటిమట్టం దగ్గర పడవ చుట్టూ అనేక చోట్ల కరెంటుకి బయటికి దారి ఇవ్వాలని వాదించారు. మాకు ఆయన మాటే సబబనిపిస్తుంది. పిడుగు తగిలిన ఫైబర్ పడవల్లో చిన్న చిన్న రంధ్రాలు చాలావరకు నీటిమట్టం చుట్టుపక్కలే కనబడతాయి. ఇప్పుడున్న పడవని విప్పి అదంతా చేయించడం ఖరీదైన పని. ముందు మాస్టు పాదం సరిచేయండి, స్టేల తీగలు వేయండి, మిగతాది తరవాత.

ప్రశ్న (గాల్వెస్టన్, టెక్సాస్): వెనక స్టే యాంటెన్నాగా హెచ్ఎఫ్ రేడియో పెట్టాను. యాంటెన్నాని రేడియోకి సరిపెట్టే ట్యూనరు నుంచి రాగి రేకు తెచ్చి, ఒక పాయ ఇంజనుకి, ఇంకో పాయ పడవ అడుగున బిగించిన కంచు ప్లేటుకి కలిపాను. రెండు సమస్యలు. ఏడాది వచ్చే జింకు నాలుగు నెలలకే అరిగిపోతోంది. రేడియోలో మాట్లాడుతుంటే ఆటోపైలట్ పక్కకి తిప్పేస్తోంది.

జవాబు: జింకు సంగతి ముందు. మీ రాగి రేకు రేడియోకి పనికొచ్చే ఎర్త్ అయినట్టే, బ్యాటరీలా పనిచేసే దారి కూడా అయింది. రేడియో కోసం అమ్మే ఆ కంచు ప్లేటు స్పాంజిలా చిల్లులతో ఉంటుంది, లోపలి ఉపరితలం పైకి కనబడేదానికి ఎన్నో రెట్లు. దాన్ని ఇంజనుకి కలిపారు, ఇంజను షాఫ్టుకి కలిసింది, షాఫ్టు మీద జింకు ఉంది. ఇప్పుడా జింకు ఒక్క షాఫ్టునే కాదు, ఆ కంచు ఉపరితలాన్నంతా కాపాడుతోంది.

ప్లేటు తీసేయనక్కర్లేదు. ప్లేటుకి పోయే రేకు పాయని ఒకచోట కత్తిరించి రెండు మూడు మి.మీ. సందు వదలండి. ఆ సందుకి అడ్డంగా 0.1 మైక్రోఫారడ్ సిరామిక్ కెపాసిటర్లు నాలుగు, రేకు వెడల్పంతా పరుచుకునేలా, కాళ్ళు వీలైనంత పొట్టిగా కత్తిరించి సోల్డర్ చేయండి. అన్నీ కలిపి 0.4 మైక్రోఫారడ్. రేడియో తరంగానికి, 4 మెగాహెర్ట్జ్ దగ్గర, ఇది పదోవంతు ఓమ్ అడ్డంకి మాత్రమే, అంటే లేనట్టే. డీసీకి పూర్తిగా గోడ. 500 వోల్టుల రకం తీసుకోండి, ఒక్క పెద్ద కెపాసిటర్ వద్దు. కరెంటు నలుగురి మీద పంచుకుంటేనే వేడెక్కవు. పైన ఫైబర్ ముక్క ఒకటి బిగించి ఎపాక్సీతో మూసేయండి, రేకు అక్కడ ఊగితే సోల్డర్ విడిపోతుంది. తరవాత, ప్లేటు నీళ్ళలో లేనప్పుడు, మీటరుని ఓమ్స్‌లో పెట్టి సందుకి రెండువైపులా చూడండి, సూది కాసేపట్లో అనంతానికి పోవాలి. ఒకటి మరవకండి, ట్యూనరుకీ రేడియోకీ మధ్య కోయాక్సియల్ కవచం, కంట్రోల్ కేబుల్ నెగటివ్ కూడా డీసీ దారులే. సందు ట్యూనరుకీ ప్లేటుకీ మధ్య రావాలి గానీ, ట్యూనరుకీ ఇంజనుకీ మధ్య పెడితే ఆ దారుల గుండా జింకు మళ్ళీ అరుగుతూనే ఉంటుంది.

నిజానికి రేడియో ఎర్త్ నీళ్ళని తాకనక్కర్లేదు. చాలామంది నమ్మనిది ఇదే. అడుగున లోపలివైపు, నీటిమట్టం కిందుగా, ఒక చదరపు మీటరు రాగి రేకు అతికించారనుకోండి. మధ్యలో 10 మి.మీ. గట్టి ఫైబర్ ఉంటే రేకూ సముద్రమూ కలిసి సుమారు 4 నానోఫారడ్‌ల కెపాసిటర్ అవుతాయి. 7 మెగాహెర్ట్జ్ దగ్గర దాని అడ్డంకి ఆరు ఓమ్‌లకి లోపే. నాలుగు చదరపు మీటర్లు పరిస్తే ఒకటిన్నర ఓమ్. పాతకాలం నుంచి చెప్పే వంద చదరపు అడుగుల లెక్క వెనక ఉన్నది ఇదే భౌతికశాస్త్రం. అయితే మధ్యలో నురుగో బాల్సా చెక్కో ఉన్న గుల్ల గోడల మీద ఇది బలహీనపడుతుంది, ఎందుకంటే దూరం పెరిగింది.

రేకు అంటే 75 నుంచి 100 మి.మీ. వెడల్పు ఉండాలి, మందం ఎంతున్నా పరవాలేదు. 7 మెగాహెర్ట్జ్ కరెంటు రాగిలో 0.025 మి.మీ. లోతుకి మించి పోదు. గుండ్రటి లావు తీగ ఇక్కడ ఎందుకు పనికిరాదో దీనితో తెలిసిపోతుంది. అలాగే ఈ రేకు పిడుగుకి ఎందుకు పనికిరాదో కూడా. 75 మి.మీ. వెడల్పు, 0.08 మి.మీ. మందం అంటే 6 చ.మి.మీ. రాగి మాత్రమే.

రేకు పరిచే చోటు లేకపోతే రేడియల్స్, అంటే యాంటెన్నాకి రెండో సగంగా పనిచేసే విడి తీగలు, వేయండి. పొడవు మీటర్లలో కావాలంటే 71.5ని మెగాహెర్ట్జ్‌తో భాగించండి. 8.291కి 8.6 మీటర్లు, 12.290కి 5.8 మీటర్లు, 6.215కి 11.5 మీటర్లు. ఇన్సులేషన్ ఉన్న మామూలు రాగి తీగను ఒక్కో ఫ్రీక్వెన్సీకి రెండు చొప్పున డెక్ కింద అంచుల వెంట వేస్తే చాలు. తీగ చివర టేపు చుట్టి లోహాలకి దూరంగా ఉంచండి, అక్కడ వోల్టేజి ఎక్కువ.

ఆటోపైలట్ తిరగడానికి కారణం, ఎర్త్ చాలక రేడియో తన రెండో సగాన్ని పడవ తీగలన్నిటిలోనూ వెతుక్కోవడం. మైకు పెదవికి చురుక్కుమనడం, బల్బులు మాటకి తగ్గట్టు మినుకుమనడం కూడా దాని లక్షణాలే. ట్యూనరుని స్టే మొదట్లో, ఎర్త్ రేకుకి అరమీటరు లోపు పెట్టండి. కోయాక్సియల్, కంట్రోల్ కేబుళ్ళకి ట్యూనరు చివరా రేడియో చివరా కేబుల్ పైన పాకే రేడియో కరెంటుని ఆపే 31 రకం ఫెర్రైట్ బిళ్ళలు బిగించండి, కేబుల్ నాలుగైదు చుట్లు పట్టేంత పెద్దవి అయితే మంచిది. ఆటోపైలట్ దిక్సూచి కేబుల్‌కీ ఒకటి. అన్నట్టు, స్టే మీద కింది ఇన్సులేటరు తలకన్నా ఎత్తులో ఉందో లేదో చూసుకోండి. పడవ ఊగినప్పుడు చేయి మొదట పోయేది దాని మీదకే, ప్రసారం సాగుతుంటే చేయి కాలుతుంది.

ప్రశ్న (లేక్ లానియర్, అట్లాంటా): రేవు కరెంటు కేబుల్‌లో ఆకుపచ్చ తీగ వల్లే జింకు అరుగుతుందని విని దాన్ని పడవ లోపల విప్పేశాను. ఏడాదైనా జింకు చెక్కుచెదరలేదు. అలాగే ఉంచుకోవచ్చా?

జవాబు: వద్దు. ఈ ఉత్తరం చదవగానే రేవుకి వెళ్ళి ఆ తీగ తిరిగి బిగించండి. అది బిగించేదాకా మీ పడవ చుట్టూ ఎవరినీ, ముఖ్యంగా పిల్లలని, నీళ్ళలో దిగనివ్వకండి.

ఆ తీగ లేనప్పుడు నీళ్ళ హీటరులోనో చార్జరులోనో లీకైన 120 వోల్టులకి తిరిగి పోయే దారి మీ ప్రొపెల్లరు, దాని చుట్టూ ఉన్న నీళ్ళు మాత్రమే. బ్రేకరు పడదు, ఎందుకంటే మంచినీటి గుండా పోయే కరెంటు దానికి సరిపోదు. మంచినీటికన్నా మనిషి ఒళ్ళు మంచి వాహకం కాబట్టి ఆ కరెంటు ఈదేవాళ్ళ గుండా పోతుంది. పది ఇరవై మిల్లీ ఆంపియర్లకే కండరాలు పట్టేసి చేతులు ఆడవు, మనిషి అరవకుండానే మునిగిపోతాడు. ఉప్పునీళ్ళలో కరెంటు మనిషిని తప్పించుకుని నీళ్ళలోనే పోతుంది. ఈ మరణాలు ఎక్కువగా సరస్సుల్లో, నదుల్లో జరగడానికి కారణం అదే.

జింకు చెక్కుచెదరకపోవడం కూడా మంచి సంకేతం కాదు. మంచినీటిలో జింకు మీద తెల్లటి పెచ్చు కట్టి పని మానేస్తుంది. సరస్సులో ఉండే పడవకి మెగ్నీషియం కావాలి. అంటే ఇన్నాళ్ళూ మీ షాఫ్టుకి ఏ రక్షణా లేదు.

తుప్పు భయం తీరాలంటే ఆకుపచ్చ తీగని కత్తిరించకుండా దాని దారిలో గాల్వానిక్ ఐసొలేటరు పెట్టండి. అందులోని డయోడ్లు సుమారు 1.2 వోల్టుల దాకా డీసీని ఆపుతాయి. జింకుకీ కంచుకీ మధ్య తేడా ముప్పావు వోల్టే కాబట్టి ఆ తుప్పు కరెంటు ఆగిపోతుంది, లీకు కరెంటు మాత్రం నిరాటంకంగా పోతుంది. తాను పాడైనా ఎర్త్ దారి తెగిపోని రకం అడిగి తీసుకోండి. దానితోపాటు 30 మిల్లీ ఆంపియర్లకి పడే లీకేజి బ్రేకరు రేవు కరెంటు వచ్చే మొదటి చోటే ఉండాలి.

ఈ లోపు ఒక పరీక్ష చేయండి. మిల్లీ ఆంపియర్లు చూపే క్లాంప్ మీటరుని రేవు కేబుల్ మొత్తానికి, తీగలు విడదీయకుండా, పట్టించండి. పోయిన కరెంటంతా తిరిగొస్తే మీటరు సున్నా చూపాలి. పరికరాలు ఒక్కొక్కటే వేస్తూ చూడండి. హీటరు వేయగానే ముల్లు లేస్తే దాని కాయిల్ పగిలింది. ఏది వేసినా కొంత లేస్తుంటే పడవ లోపల ఎక్కడో న్యూట్రలుని ఎర్త్‌తో కలిపారు, ఇన్వర్టరు వైరింగులో వెతకండి. మీ బ్రేకర్లన్నీ ఆపేసినా మీటరు కదులుతుంటే లోపం పక్క పడవది. అప్పుడు రేవు యాజమాన్యానికి ఆ రోజే చెప్పాలి.

ప్రశ్న (సికింద్రాబాద్): హుస్సేన్ సాగర్‌లో మా అబ్బాయి ఒక్కరే నడిపే చిన్న తెరచాప పడవ, లేజర్ డింగీ, నడుపుతాడు. వానాకాలంలో పోటీలుంటాయి. మాస్టు నుంచి నీళ్ళలోకి రాగి ప్లేటు పెట్టిస్తే పిడుగు నుంచి రక్షణ ఉంటుందా?

జవాబు: ఉండదండీ. ఉప్పునీళ్ళలో 0.09 చదరపు మీటర్ల ప్లేటుకి నీళ్ళతో నిరోధం సుమారు 0.3 ఓమ్. చెరువు నీళ్ళలో అదే ప్లేటుకి పదుల ఓమ్‌లు. 40 ఓమ్‌లు, 30,000 ఆంపియర్లు అనుకుంటే పన్నెండు లక్షల వోల్టులు. అంత వోల్టేజి ప్లేటు దగ్గరే ఆగదు, మాస్టుకి మీటరు దూరంలో తడిసిన తాడు పట్టుకుని కూర్చున్న మనిషిని వెతుక్కుంటుంది. డింగీలో దూరంగా కూర్చునే చోటు ఉండదు. ఉన్న ఒకే ఒక్క రక్షణ ఒడ్డుకి వచ్చేయడం. ఉరుము వినబడిందంటేనే పిడుగు అందేంత దగ్గరలో మబ్బు ఉన్నట్టు. మెరుపుకీ ఉరుముకీ మధ్య 30 సెకన్లకి తగ్గితే అప్పటికే ఒడ్డున ఉండాలి. చివరి ఉరుము తరవాత అరగంట దాకా మళ్ళీ దిగకూడదు. ఒడ్డున కూడా నిలబెట్టిన మాస్టుల మధ్య కాకుండా భవనం లోపలో కారులోనో కూర్చోమనండి.

ప్రశ్న (విశాఖపట్నం): మాది 9 మీటర్ల ఫైబర్ తెప్ప, అవుట్‌బోర్డు ఇంజను. కొత్తగా వీహెచ్ఎఫ్ సెట్టు పెట్టించాం. సెట్టు ఎర్త్ కోసమూ పిడుగు కోసమూ ఒక తీగని నీళ్ళలోకి వేలాడదీయమని మెకానిక్ అన్నాడు. నిజమేనా అన్నా?

జవాబు: సెట్టు కోసం అక్కర్లేదు తమ్ముడూ. పడవలకి అమ్మే వీహెచ్ఎఫ్ యాంటెన్నాలు మామూలుగా తమలోనే రెండు సగాలూ ఉన్నవి, వాటికి నీటితో పనిలేదు. పిలుపులకీ ఆపదకీ వాడే 16వ ఛానల్ దూరం పెరగాలంటే యాంటెన్నాని ఎత్తులో పెట్టు, కేబుల్ చివర కనెక్టర్లలోకి ఉప్పునీరు పోకుండా రబ్బరు టేపు చుట్టు. రేంజి తగ్గిందన్న ఫిర్యాదుల్లో ఎక్కువ భాగం ఆ కనెక్టరులో పచ్చగా పట్టిన తుప్పే.

పిడుగు కోసమైతే వేలాడే తీగ చాలా పాత పొరపాటు. 1800ల మొదట్లో ఇంగ్లీషు ఓడల్లో ఉరుము వినబడ్డాక గొలుసు తీసి మాస్టు నుంచి నీళ్ళలోకి వదిలేవాళ్ళు. అవసరమైనప్పుడు అది చాలాసార్లు పెట్టెలోనే ఉండిపోయేది. విలియం స్నో హారిస్ రాగి పట్టీని మాస్టులోనే శాశ్వతంగా పొదిగి కీల్ దాకా దించాడు. 1831లో డార్విన్ ఎక్కిన బీగిల్ ఓడకి ఆ ఏర్పాటే ఉంది, ఆ పై పదేళ్ళకి బ్రిటిష్ నౌకాదళమంతా దానికి మారింది. వేలాడే తీగ అల మీద పైకి లేస్తుంది, నీళ్ళకి తగిలే భాగం కూడా చేయంత లేదు.

చేయాలనుకుంటే సరిగ్గా చేయి. పడవ మధ్యలో అల్యూమినియం పైపు నిలబెట్టి, పైన కడ్డీ, కింద 25 చ.మి.మీ. తీగ తిన్నగా, అడుగున పొడవూ వెడల్పూ 30 సెం.మీ. ఉన్న రాగి ప్లేటు, కనీసం 2 మి.మీ. మందం. పైపు ఎత్తు ఎంతో దాని మొదలు చుట్టూ అంత దూరం వరకే కాపుదల. మనుషులు కూర్చునే ఎత్తు మీద నాలుగున్నర మీటర్ల పైపు లేకపోతే ముందు కొన, వెనక ఇంజను దానికి బయటే ఉంటాయి. వల లాగుతున్నప్పుడు ఆ పైపుని ఎవరూ ముట్టకూడదు. వేసవి సాయంత్రాల్లో, వానలకి ముందు, వేటకి బయల్దేరే ముందు పుణేలోని వాతావరణ పరిశోధన సంస్థ ఐఐటీఎం వాళ్ళ దామిని యాప్ చూసుకో, నీ చుట్టుపక్కల పడుతున్న పిడుగుల్ని చూపిస్తుంది. మబ్బు మీదకి వస్తుంటే యాంటెన్నా కేబుల్ సెట్టు నుంచి విప్పి దూరంగా పెట్టు. చేతి సెట్టు, ఫోను మూతున్న లోహపు డబ్బాలో వేసి ఉంచు.

ప్రశ్న (మెల్‌బోర్న్): మాస్టు కొన మీద సీసాలు కడిగే బ్రష్‌లా ఉండే ఉక్కు కుచ్చు పెడితే పిడుగు పడదంటున్నారు.

జవాబు: అలా ఆపుతుందనడానికి ఆధారం లేదు. మబ్బులోని విద్యుదావేశం ముందు ఆ కుచ్చు వదిలేది లెక్కలోకి రాదు. ఆ డబ్బు తీగలకీ లగ్గులకీ పెట్టండి.

ప్రశ్న (టాంపా, అదే పాఠకుడి రెండో ఉత్తరం): పిడుగు నిజంగా పడితే మొదట ఏం చూడాలి?

జవాబు: మనుషులని, తరవాత బిల్జ్‌ని, అంటే నీళ్ళు చేరే పడవ లోపలి అడుగుని. గుండె ఆగిన మనిషికి వెంటనే ఛాతీ నొక్కడం మొదలుపెట్టాలి, పిడుగు తగిలినవాళ్ళని ముట్టుకుంటే షాకు కొట్టదు. బిల్జ్‌లో నీళ్ళు పెరుగుతుంటే అడుగున ఉన్న ప్రతి వాల్వూ, లోతు చెప్పే సెన్సారు, వేగం కొలిచే లాగ్ మీటరు చుట్టూ చేత్తో తడిమి చూడండి. వాటి పక్కనే మెత్తటి చెక్క బిరడాలు తాడుతో కట్టి ఉంచితే చీకట్లో వెతుక్కోనక్కర్లేదు.

దిక్సూచిని నమ్మకండి. పిడుగు కరెంటు పక్కనున్న ఇనుముని అయస్కాంతంగా మార్చేస్తుంది, పది ఇరవై డిగ్రీలు తప్పు చూపినా చూసేవాళ్ళకి తెలియదు. ఒడ్డు మీద తెలిసిన రెండు గుర్తులని వరసలో పెట్టి సరిచూసుకోండి. ఎలక్ట్రానిక్స్ ఆ పూట పనిచేసినా వారాల తరవాత ఒక్కొక్కటీ పోవచ్చు, కాబట్టి బీమా వాళ్ళకి ఇచ్చే జాబితాలో అన్నిటినీ రాయించండి. నీళ్ళు రాకపోయినా పడవని పైకి ఎత్తించి, పెయింటు గీకి, నీటిమట్టం చుట్టూ టార్చి వేసి చూడండి. సూదిమొన అంత నల్లచుక్క కనబడితే అక్కడ ఫైబర్ లోపలి పొరదాకా కాలి ఉంటుంది. పైన పుట్టీ పెట్టి మూసేయకుండా గట్టి పదార్థం తగిలేదాకా గీకించి, ఆరబెట్టి, మళ్ళీ ఫైబర్ పొరలు వేయించండి.